జేగురు పట్టీ వేసిన రాటలు

నా గొంతు సంగతి చెప్పకుండా ఈ కథ మొదలుపెడితే కుదరదు. నేను చీపురుపల్లి రైలు గేటు దగ్గర నిలబడి మా ఎద్దును పిలిస్తే గరివిడిలో ఎద్దులు తలలు తిప్పుతాయి. ఒకసారి చేని గట్టు మీద నుంచి మా తమ్ముణ్ణి కేకేస్తే, కదలబోతున్న పాసింజరు బండి కాస్తా ఆగిపోయింది. గార్డు దిగివచ్చి, బండి ఆపమన్నది ఎవరని అడిగాడు. ఆ తరవాత స్టేషను మాస్టరు స్వయంగా మా ఇంటికి వచ్చి, "సూరయ్యా, బళ్ళు తిరిగే వేళల్లో మాత్రం నోరిప్పకు" అని బతిమాలుకున్నాడు. నా చదువు అయిదో తరగతితో ఆగింది గానీ, గొంతు మాత్రం కాలేజీ దాకా వెళ్ళింది. ఈ మాట కొంచెం గుర్తుంచుకోండి, దీనితో తరవాత పని ఉంది.

స్టేషనుకు అవతలి వైపున, పట్టాల పక్కనే, పాత గోగునార గిడ్డంగి ఒకటి ఉండేది. ఊళ్ళ నుంచి వచ్చిన నారని కట్టలు కట్టి రైలెక్కించడానికి ఎవరో షావుకారు కట్టించాడు. మా చేలో పండిన నార కూడా అక్కడికే తోలేవాళ్ళం. షావుకారు పోయాక వారసులు ఇశాపట్నం వెళ్ళిపోయారు. గిడ్డంగి గబ్బిలాలకు మిగిలింది. చివరికి దాన్ని ఊరికి రాసిచ్చేశారు. ఊరు దాన్ని ఏం చేసుకోవాలో తెలియక తాళం వేసింది. ఆ తాళం చెవి నా దగ్గర ఉండేది, ఎందుకంటే మిగతావాళ్ళందరికీ పనులున్నాయి.

అరవై ఎనిమిదిలో, అప్పటికి మాది శ్రీకాకుళం జిల్లాయే, మా ఊరికి ఆడపిల్లల హైస్కూలు ఇస్తామని పైనుంచి మాట వచ్చింది. దానికో షరతు పెట్టారు. వానలు పడి బడులు తెరిచే నాటికి కప్పున్న గదులు చూపించాలి. చూపించలేకపోతే ఆ బడి ఇంకో ఊరికి పోతుంది.

ఈ మాట తెప్పించింది జ్ఞానసుందరి టీచరమ్మ. బాప్టిస్టు చర్చి పక్కన చిన్న బడిలో ఆడపిల్లలకు చదువు చెప్పేది. అయిదో తరగతి కాగానే పిల్లలు పలక పక్కన పెట్టి చెరువు గట్టున గోగునార వలవడానికి పోయేవాళ్ళు. అది చూడలేక చెప్పులరిగేలా ఆఫీసుల చుట్టూ తిరిగింది. మా మనవరాలు నీలవేణి అప్పటికి ఆవిడ దగ్గరే అయిదు చదువుతోంది. అది లెక్కలు నోటితోనే చేసేస్తుంది. నేను అబద్ధం చెబితే ఎంత కలిపానో కూడా చెప్పేస్తుంది.

గదులు కావాలి. పంచాయతీ ప్రెసిడెంటు గణపతిరావు స్లాబు వేయిద్దామన్నాడు. ఆయనకు స్లాబంటే ప్రాణం. పంచాయతీ ఆఫీసుకు ఒకటి వేయించి, దాని ముఖాన సిమెంటుతో తన పేరు పోత పోయించుకున్నాడు. కానీ ఆ రోజుల్లో సిమెంటుకు పర్మిట్టు కావాలి. పర్మిట్టు కోసం రాసిన అర్జీ ఏ బల్ల మీద పడుకుందో దాన్ని లేపేవాడు లేడు. ఎండలు ముదిరిపోతున్నాయి. అప్పుడు టీచరమ్మ మద్రాసులో ఉన్న తమ్ముడికి కబురు పెట్టింది.

తమ్ముడి పేరు కృపానిధి. సన్నగా, కళ్ళజోడుతో, ఎప్పుడూ ఏదో ఒక గోడను తడుముతూ ఉంటాడు. రైలు దిగినవాణ్ణి నేనే బండి మీద తీసుకొచ్చాను.

"ఇంజినీరువేటి బాబూ?" అని అడిగాను.

"కాదు తాతా, ఆర్కిటెక్టుని."

"అరికట్టువా? ఏటి అరికడతావు?"

అతను కాసేపు ఆలోచించి, "కూలగొట్టడాన్ని" అన్నాడు.

ఆ సాయంత్రానికే ఊరంతా అతనికి అరికట్టు బాబని పేరు పడిపోయింది. పేరు పెట్టినవాణ్ణి నేనేనని వేరే చెప్పక్కర్లేదు.

మర్నాడు పొద్దున్నే గిడ్డంగి తాళం తీయించాడు. లోపలికి వెళ్ళి ఏదో కొలుస్తాడనుకున్నాను. మధ్యలో గోనె పరుచుకుని కూర్చున్నాడు. ఎండపొడ జరిగితే తానూ జరిగాడు. మధ్యాహ్నం దాకా అదే పని.

"మద్రాసులో దీనికి జీతం ఇస్తారా బాబూ?" అన్నాను. "మా ఊళ్ళో దీన్ని పడుకోడం అంతారు."

"తాతా, మీ చుట్ట వెలిగించండి."

చుట్ట వెలిగించమని అడిగిన చదువుకున్నవాణ్ణి నేను అంతకుముందు చూడలేదు. వెలిగించాను.

"ఇప్పుడు పొగ ఎటు పోతోందో చూడండి."

చూశాను. పొగ నిటారుగా లేచి, పెంకుల కింద ఒక్క క్షణం ఆగి, చూరు కింద వరసగా ఉన్న కంతల్లోంచి బయటికి పోయింది. బయట నిప్పులు చెరుగుతోంది. లోపల నా చొక్కా ఒంటికి అంటుకోలేదు. అన్నాళ్ళు తాళం చెవి పట్టుకు తిరిగాను గానీ, ఆ సంగతి నాకు తోచలేదు.

"నారకు చెమ్మ తగిలితే కుళ్ళిపోతుంది, ఉడికితే తగలబడుతుంది. అందుకే ఇంత మందం గోడలు, ఎత్తు అరుగు, పైన కంతలు, ఎండ వైపు వెడల్పు పంచ. కట్టినవాడు నార కోసమే కట్టాడు తాతా. నారకు ఇంత సుఖం ఇచ్చిన చోట పిల్లలకు ఉక్కపోస్తుందా? నేను కొత్తగా కట్టినా ఇంతకంటే బాగా కట్టలేను. అడ్డగోడలు నాలుగు లేపి, కిటికీలు కిందికి దించితే చాలు. ఇక్కడ సగం బడి ఎప్పుడో కట్టి ఉంది. మనం చూడలేదంతే."

ఆ మాటే పెద్దల ముందు చెప్పాడు. గణపతిరావు కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు.

"ఏటి బాబూ, మన ఆడగుంటల్ని నార కొట్లో కూకోబెడతావా? రేపు పెళ్ళోరొస్తే ఏ బడిలో సదివినావమ్మా అంటే, గోగునార బడి అని సెప్పాల? స్లాబేస్తే ఆ దర్జాయే వేరు."

కృపానిధి వాదించలేదు. నా వైపు తిరిగి, "తాతా, మీ చుట్ట" అన్నాడు.

పంచాయతీ ఆఫీసులో, ఆ స్లాబు కింద, వెలిగించాను. పొగ పైకి లేచింది, స్లాబు తగిలింది, దారి తెలియక తిరిగి మా మీదికే దిగింది. నేను కూడా సాయం చేద్దామని రెండు దమ్ములు గట్టిగా లాగాను. ప్రెసిడెంటు గారికి దగ్గు తెర వచ్చింది. కళ్ళు తుడుచుకుంటూ, "ఒరే సూరయ్యా, ఆర్పరా దాన్ని" అన్నాడు.

"ఆరిపినా పొగ ఎల్లదు బావా, నీ స్లాబు ఒగ్గదు" అన్నాను.

అందరూ నవ్వారు. నవ్విన ఊపులోనే ఒప్పుకున్నారు. మా ఆవిడ తవిటమ్మ మాత్రం, "నీ సుట్టకి ఇన్నాళ్ళకి ఒక ఉజ్జోగం దొరికినాది" అంది.

పని మొదలైంది. ముందు పెంకులు దించి వరసగా పేర్చారు. వాసాలు, దూలాలు దించారు. గోడలు, లోపలి రాటలు మిగిలాయి. రాటలంటే కప్పు మోసే స్తంభాలు. మామూలు కర్ర కాదు, కొండల్లోంచి వచ్చిన గుగ్గిలం మాను. మనిషి చేతులు చాచినా కౌగిలికి అందవు. అందులో కొన్నిటికి మాత్రం మొదలు దగ్గర చెద పట్టింది. వాటిని తీసేసి, వెనక పంచలో ఉన్న రాటల్ని వాటి బదులు నిలపాలని కృపానిధి లెక్క. కొత్త కర్ర ఒక్కటి కొనే పని లేదు. ఆ లెక్క కుదిరిన రోజు అతని ముఖం చూడాలి. అక్కను పిలిచి, ఏ గది ఎక్కడొస్తుందో నేల మీద సుద్దతో గీసి చూపించాడు. టీచరమ్మ ఆ గీతల మధ్య నిలబడి, ఎవరూ లేని గదిలో, "వెనక బెంచీ, మాట్లాడకండి" అంది.

అప్పుడు కూలీలు దొరకడం కష్టం. దొరికింది ఎల్లాజీ ముఠా. వాళ్ళు సాలూరు పైన కొండల్లో కూపుల్లో చెట్లు కొట్టేవాళ్ళు. కూపంటే సర్కారు వేలం వేసే అడవి ముక్క. ఆ ఏడాది కొండల్లో అలజడి మొదలైంది, పోలీసులు దిగారు, కూపులు మూతపడ్డాయి. పని లేక కిందికి దిగి వచ్చారు. మంచి పనివాళ్ళు. గొడ్డలి వేస్తే వేసిన చోటే పడుతుంది.

కృపానిధి ఒక్కో రాటకు చెవి ఆనించి, రాయితో కొట్టి విన్నాడు. గట్టిగా పలికిన ప్రతి రాటకూ జేగురు కలిపి ఎర్రటి పట్టీ వేశాడు. చెద తిన్నవాటిని వదిలేశాడు.

"రాటలకి బొట్టెడతన్నావేటి బాబూ?" అన్నాను.

"అవును తాతా, ఇవి మన పెళ్ళికూతుళ్ళు" అన్నాడు.

నాకూ ఆ మాట నచ్చింది. బొట్టు పెళ్ళికూతురికీ పెడతారు, జాతరలో మేకకీ పెడతారు. ఆ రోజు మాత్రం నాకు మేక గుర్తు రాలేదు.

మర్నాడు సున్నం బేరానికి సముద్రం వైపు వెళ్ళాలి. గోడలకు గుల్ల సున్నమే కావాలని అతని పట్టు. సిమెంటు పూస్తే పాత గోడ ఊపిరి తీసుకోదంటాడు. నా బండే కట్టాను. బయలుదేరే ముందు కృపానిధి ఎల్లాజీని పిలిచాడు.

"ఎల్లాజీ, పట్టీ వేసిన రాటల సంగతి నువ్వే చూసుకోవాలి. ఒక్కదానికి కూడా తేడా రాకూడదు. మిగతావి నేనొచ్చాక చూద్దాం."

"మీకెందుకు బాబూ బెంగ. మేం సూసుకుంతాం. ఎల్లిరండి."

నేను పక్కనే ఉన్నాను. రెండు చెవులతోనూ విన్నాను. అందులో తప్పు మాట ఏదీ వినపడలేదు.

మూడోనాడు తిరిగొచ్చేసరికి పొద్దు వాలుతోంది. రైలు గేటు వేసి ఉంది. గరివిడి నుంచి వచ్చిన గూడ్సు, మాంగనీసు రాయి నింపిన పెట్టెలతో, ముందుకీ వెనక్కీ జరుగుతోంది. ఏవో పెట్టెలు విడదీసి వేరేవి తగిలిస్తున్నారు. గిడ్డంగి అవతలే, నార ఎక్కించే పెద్ద వాకిళ్ళు బార్లా తెరిచి ఉన్నాయి. పెట్టెకూ పెట్టెకూ మధ్య సందులోంచి లోపలంతా కనబడుతుంది.

ఒక సందులో రాటలు కనబడ్డాయి. ఎర్ర పట్టీలు ఎండకు మెరుస్తున్నాయి. పెట్టె అడ్డొచ్చింది. తరవాతి సందులో ఇద్దరు మనుషులు ఎర్ర పట్టీ రాట దగ్గర వంగి ఉన్నారు. చేతులు ముందుకీ వెనక్కీ పోతున్నాయి. పెట్టె అడ్డొచ్చింది. ఇంకో సందులో ఆ రాట లేదు.

"తాతా, వాళ్ళు కోస్తున్నారు" అన్నాడు కృపానిధి. గొంతు మామూలుగానే ఉంది. కళ్ళు చూసినదాన్ని మనసు ఇంకా ఒప్పుకోలేదు.

నేను బండి మీద లేచి నిలబడి కేకేశాను. ఎల్లాజీ, ఆపరా అని, నా ప్రాణమంతా పెట్టి. గూడ్సు బఫర్లు ఒకదానికొకటి గుద్దుకుంటూ ఈ చివర నుంచి ఆ చివరకు ఉరిమాయి. మళ్ళీ అరిచాను. పక్కన ఆగిన సైకిలాయన నన్ను చూసి, "ఏటి తాతా, పొలమారిందేటి? నీళ్ళు తాగుతావా?" అని అడిగాడు.

గరివిడి దాకా వెళ్ళే గొంతని చెప్పాను కదా. ఆ రోజు అది రెండు పట్టాలు దాటలేదు. నిజానికి మా ఎద్దు కూడా నేను పిలిస్తే రాదు, తవిటమ్మ కుడితి కుండ చప్పుడుకు వస్తుంది. పాసింజరు ఆగింది ఇంజనులో నీళ్ళు లేక. స్టేషను మాస్టరుకు నా పేరే తెలియదు.

కృపానిధి గేటు కింద నుంచి దూరి పెట్టెల కిందికి వంగాడు. గేటుమన్ పరుగెత్తుకొచ్చి చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు. బండి జరుగుతూనే ఉంది, చక్రాల కింద పోయేవాడే. "సచ్చిపోతావురా బాబూ" అంటూ రెండు చేతులా వాటేసుకున్నాడు. ఆ పట్టులో ఉండే అతను చూశాడు. సందు, పెట్టె, సందు, పెట్టె. ప్రతి సందులోనూ ఆకాశం ఇంకాస్త ఎక్కువ కనబడింది.

గూడ్సు ఎప్పటికో కదిలి వెళ్ళింది. గేటు లేచింది.

ఎల్లాజీ మాకు ఎదురొచ్చాడు. తలపాగాతో చెమట తుడుచుకుంటున్నాడు. వెనక చెద తిన్న రాటలు అలాగే నిలబడి ఉన్నాయి. మంచివి ఒక్కటీ లేవు. మొదలంటా కోసి, కూపులో అలవాటు ప్రకారం బండి పొడవుకు ముక్కలు చేసి, చక్కగా పేర్చారు. ఎర్ర పట్టీ ఉన్న ముక్కలన్నీ పైవరసలో పెట్టారు, లెక్క చూపించడానికి.

"సూసినారా బాబూ, ఒక్కటి ఒగ్గినేదు. సెప్పినట్టే సేసినాం. గట్టి కర్ర, రంపాలు అరిగిపోనాయి."

కృపానిధి పైవరసలో ఒక ముక్క మీద చెయ్యి వేసి, "గుర్తు వేసినవి ఎందుకు కోశావు ఎల్లాజీ?" అన్నాడు.

ఎల్లాజీ నా వైపు చూశాడు, ఈ బాబుకు ఎండదెబ్బ తగిలిందా అన్నట్టు.

"అదేటి బాబూ? గుర్తెయ్యనిది కోస్తే పారెస్టు గార్డు కేసెట్టడా? జేగురు పట్టీ ఏసిన సెట్టు కొట్టాల, ఎయ్యనిది ముట్టకూడదు. మా తాత కాడి నుంచీ అదే కదా. సంగతి సూడమన్నారు, సూసినాం."

మా ముఖాలు చూసి ఎల్లాజీకి మెల్లగా అర్థమైంది. చేతిలో రంపం కింద పెట్టి, పక్కన గొంతుక్కూర్చున్నాడు. "ఉంచాలనా బాబూ?" అన్నాడు. "ఉంచేదానికి గుర్తెందుకు?"

తిట్టడానికి మనిషి దొరికితే కొంత తేలికగా ఉండును. ఎటు చూసినా చెప్పిన పని చెప్పినట్టు చేసినవాళ్ళే.

వేరే కర్ర కోసం సాలూరు వెళ్ళాం. లారీలు వరసగా నిలిచి ఉన్నాయి, వాటి నీడలో డ్రైవర్లు పేకాడుతున్నారు. కూపులు మూశారు కదా, అడవి నుంచి పుల్ల దిగడం లేదు. ఎల్లాజీ ముఠాను మా ఊరికి దించిన అలజడే మాకు కర్ర లేకుండా చేసింది. కృపానిధి ముక్కలకు ఇనుప కట్లు వేసి అతికిద్దామని బొమ్మలు గీశాడు. కమ్మరి ఆ బొమ్మల్ని చూసి, అటూ ఇటూ తిప్పి చూసి, జాలిగా తిరిగి ఇచ్చేశాడు. గణపతిరావు కూడా, పాపం, ఎగతాళి చెయ్యలేదు. తన చేతిమీదుగా పర్మిట్టు కోసం ఇంకో అర్జీ పంపాడు. అది కూడా వెళ్ళి మొదటిదాని పక్కన పడుకుంది.

ఆ ఏడు వాన తొందరపడింది. అవి మట్టి అడుసుతో కట్టిన గోడలు, నెత్తిన కప్పు ఉన్నంతకాలం ఎన్నేళ్ళయినా నిలుస్తాయి. తడిసేసరికి పట్టాల వైపు గోడ మెత్తబడి, చూస్తూ ఉండగానే, అలిసిన మనిషి కూర్చున్నట్టు కూర్చుంది. మేం గోనెలు కప్పాం, తాటాకులు కప్పాం. టీచరమ్మ తన చీరలు కూడా తెచ్చింది. గాలి అన్నిటినీ పట్టాల మీదికి ఎత్తుకుపోయింది.

గదులు చూసి పోవడానికి వచ్చిన ఆఫీసరు మంచివాడే. గొడుగు కింద నిలబడి మట్టి కుప్ప చూశాడు. టీచరమ్మ సుద్ద గీతలున్న చోటు చూపించి, "ఇది ఆరో తరగతి గది సార్" అంది. అక్కడ నీళ్ళు నిలిచి ఉన్నాయి. ఆయన తల ఊపి, చెప్పులు తడవకుండా చూసుకుంటూ వెళ్ళిపోయాడు. బడి ఇంకో ఊరికి పోయింది.

నీలవేణి ఆ ఏటి నుంచి చెరువు గట్టున గోగునార వలుస్తోంది. ఎన్ని కట్టలు వలిచిందో నోటితోనే లెక్క చెబుతుంది.

కృపానిధిని రైలెక్కించడానికి కూడా నేనే బండి కట్టాను. టీచరమ్మ వచ్చింది. "నిన్ను పిలిచినదాన్ని నేనే కదరా" అంది. "నువ్వు పిలిచావు, నేను గుర్తు పెట్టాను" అన్నాడు అతను. ఆ తరవాత ఇద్దరూ సిగ్నలు వైపు చూస్తూ కూర్చున్నారు. ఏదో ఒకటి అని నవ్విద్దామనుకున్నాను. అరికట్టు బాబూ అన్న పిలుపు నాలిక చివరి దాకా వచ్చింది, మింగేశాను.

ఒక్క సంగతి మిగిలింది. వెనక మూలన ఒక రాట ఉండేది. దాని పట్టీ గోడ వైపు పడటంతో ఎల్లాజీ మనుషులకు కనబడలేదు. అదొక్కటీ ఇప్పటికీ నిలబడే ఉంది. టీచరమ్మ దానికి రైలు పట్టా ముక్క ఒకటి వేలాడదీసింది. రోజూ పొద్దున్న వెళ్ళి కొడుతుంది. ఆ గంట విని నార వలిచే పిల్లలు చేతులు కడుక్కుని వచ్చి, ఆ రాట చుట్టూ కూర్చుని ఆరో తరగతి పాఠం చెప్పించుకుంటారు.

ఈ కథ చదివి మీలో ఎవరైనా చీపురుపల్లిలో దిగి ఆ రాట కోసం వెతుకుతారేమో. వద్దు. గూడ్సు నిజం, జేగురు నిజం, టీచరమ్మ చీరలు నిజం. ఎల్లాజీ పని తెలిసినవాడు, గోడ వైపు కూడా వంగి చూశాడు, ఒక్కటీ వదల్లేదు. బడి గంటకని తెచ్చిన పట్టా ముక్క ఇంకా చర్చి పంచలోనే తుప్పు పడుతోంది. ఆ ఒక్క రాటనీ ఈ కథలో నేనే పాతాను, ఇందాక, నీలవేణిని పక్కన కూర్చోబెట్టుకుని ఇది రాస్తుంటే. అది నా రాత చూసి, ఎంత కలిపావో చెప్పమంటావా తాతా అంది. నేనే చెబుతాన్లే అన్నాను.